బతికున్న మనిషికి మైల

పక్క పేట అయ్యలకు, అమ్మలకు,

ముందుగా నా రాతకు క్షమించాలి. ఉప్పులో నాని నాని చెయ్యి బిగుసుకుపోయింది, కలాన్ని కూడా పారను పట్టినట్టే పడుతుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఎప్పుడూ కుదరలేదు. మా బడి ఐదో తరగతి దాకానే ఉండేది. తరవాత ఆ బడిని సముద్రం తీసుకుపోయింది. తప్పులున్నచోట మీరే దిద్దుకుని చదువుకోండి.

నేను సూరాడ దానయ్యను. కొత్తమడుల పేట. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేదు నాకు. అందుకని ఏ రోజు జరిగింది ఆ రోజే రాసి పెట్టాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోనులో చెప్పింది మీకంటే ముందు ఆరోగ్య కేంద్రం వింటుంది. కాగితమైతే పడవలో వస్తుంది. చదివినవాళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా మా గురమ్మ వదిన గురించి. మా అన్న పోయాడు. పిల్లలు లేరు. ఆమె ఇల్లు, నా ఇల్లు గోడ కలిసే ఉంటాయి. వదినకు మూత్రపిండాలు చెడి చాలా కాలమైంది. మంగళవారం, శుక్రవారం కడుగుడు బండి వచ్చి మా దిబ్బ మీద ఆగుతుంది. ఎక్కి కుర్చీలో కూర్చుంటే ఆమె రక్తం కడిగి పంపిస్తుంది. ఆ బండిలో కుర్చీ ఉంటే వదిన ఉంటుంది. లేకపోతే లేదు.

దశమి, ఆదివారం

మా పేటలో కోడి కంటే ముందు పట్టీలే కూస్తాయి. మీ దగ్గర ఏమంటారో తెలియదు, మేము కూత పట్టీ అంటాం. వేలెడంత కాగితం. దానికి బ్యాటరీ లేదు. ఒంటి నీళ్ళు, అదే మూత్రం, పడితే ఆ నీళ్ళలోంచే కరెంటు పుట్టించుకుంటుంది. పంచదార, ఉప్పు, ఇంకా ఏమేమో చూసి కేంద్రానికి చెప్పి, ఒక్క కూత కూసి ఆరిపోతుంది. గోతిలో పడేస్తే వానకు కరిగిపోతుంది. కూసిందంటే ఆ రోజుకి మనిషి ఉన్నట్టు. పని, రేషను, కడుగుడు బండి, అన్నీ ఆ కూత వెనకే.

ఈ రోజు వదిన పట్టీ కూయలేదు.

ఆమె గోడ మీదుగా తల పెట్టింది. "ఇంకో పట్టీ ఉందేటి మరిదీ?"

"ఏటయింది వొదినా? పాడయిందేటి?"

"పట్టీ బాగానే ఉంది. నానే పాడయినాను. నిన్నటిదాకా ఏవో నాలుగు సుక్కలు ఒచ్చేవి. ఇయ్యాల ఆ నాలుగూ నేవు."

నా దగ్గర దాచి ఉంచిన ఆమె పట్టీ ఒకటి ఇచ్చాను. అదీ కూయలేదు.

ఏకాదశి, సోమవారం

పొద్దున్నే వదిన ఎండలో కూర్చుని, చెమట పట్టాక పట్టీని మెడకు రాసింది. కూసింది. వెంటనే ఫోను మోగి, ఇది మూత్రం కాదు, మళ్ళీ ప్రయత్నించండి అని మర్యాదగా చెప్పింది.

పక్కింటి రాజులమ్మ చూస్తూ ఉంది. "కన్నీల్లు పొయ్యి వదినా, అయీ ఉప్పనే."

"ఏడుపొస్తే పోద్దును. నీ మొగం సూస్తే నవ్వే ఒస్తంది."

ఆఖరికి రాజులమ్మే అంది. "నాయి ఒట్టుకెల్లు. నాకు దండిగా ఒస్తాయి, ఎవులికి కావాలి."

ఇంట్లోకి వెళ్ళి ముంతలో తెచ్చింది. వదిన పేరున్న పట్టీ మీద పోశాం. కూసింది. గట్టిగా కూసింది. ముగ్గురం నవ్వుకున్నాం. పప్పు లేకపోతే పక్కింట్లో అడగడం లేదా, ఇదీ అంతే అనుకున్నాం. అదే మేము చేసిన తప్పు.

మధ్యాహ్నం ఉప్పు మడిలో ఉండగా వదిన కేక వేసింది. కేంద్రం నుంచి మాట వచ్చింది. "అభినందనలు గురమ్మ గారూ. మీ మూత్రపిండాలు పూర్తిగా కోలుకున్నాయి. మీ కుర్చీని అవసరమైన మరొకరికి కేటాయించాము."

ద్వాదశి, మంగళవారం

బండి వచ్చింది. వదిన వేలు పెడితే తలుపు తీయలేదు. మళ్ళీ అభినందనలు చెప్పింది.

కబురు పెడితే, బండి వెళ్ళిపోయాక పట్టీల మేడమ్ వచ్చింది. ప్రణతి అని, చిన్న వయసు. పేటలన్నీ తిరిగి పట్టీలు పంచేది ఆమే. మేము రాజులమ్మ ముంత సంగతి దాచలేదు. ఆమె తల పట్టుకుంది.

"ఎందుకు చేశారమ్మా ఇలాగ? సరే, నిన్నటి కూత తప్పని రాసి కొట్టేయిస్తాను. కుర్చీ తిరిగి రావాలంటే మాత్రం పట్టీ కూయాలి. రేపటి నుంచి మీ సొంత నీళ్ళే పోయండి."

"రానేదు తల్లీ."

"కొంచెం అయినా..."

"ఎండిపోయిన తూములో నీళ్ళు తోడమంటే ఎలగ? నీకు చదువుంది గదా, నువ్వు సెప్పు."

ప్రణతి చేతిలో పలక లాంటిది ఉంది. చాలాసేపు దాన్ని వేలితో జరిపి జరిపి చూసింది. "కూసినవాళ్ళకి గడి ఉంది. కూయనివాళ్ళకి ఊరెళ్ళినవాళ్ళు అని ఒక గడి, పోయినవాళ్ళు అని ఒక గడి ఉన్నాయి. నీళ్ళు రానివాళ్ళకి గడి లేదమ్మా."

"నాను ఊరెల్లనేదు," అంది వదిన.

నిజం. ఈ జబ్బు చూడ్డానికే పట్టీ పెట్టారు. జబ్బు ముదిరితే పట్టీ చూడదు.

త్రయోదశి, బుధవారం

కూయలేదు. వదిన కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. నీళ్ళు గుక్కెడే తాగుతోంది. ఉప్పు మడుల్లో పుట్టి, ఉప్పు మడుల్లో పెరిగి, చప్పిడి కూడు తింటోంది. పడుకుంటే ఆయాసం వస్తోందని గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను మడికి వెళ్ళాను గాని పార కదలలేదు.

చతుర్దశి, గురువారం

మంగళవారం నుంచి లెక్కేస్తే పట్టీ కూయక ఇది మూడో పొద్దు. పొద్దెక్కాక నా ఫోను మోగింది.

"సూరాడ దానయ్య గారూ, మీ వదిన శ్రీమతి గురమ్మ గారి మృతికి మా ప్రగాఢ సానుభూతి. దగ్గరి బంధువుగా కర్మకాండలు మీరే జరిపించాలని మనవి. వారి ఆత్మకు శాంతి కలుగుగాక."

వదిన ఆ పక్కనే అంబలి తాగుతోంది. "ఎవురు పోనారు మరిదీ?" అంది.

ఫోను ఆమె చేతికిచ్చాను. మళ్ళీ పెట్టించుకుని వింది. "శ్రీమతి అన్నాడు సూసినావా. బతికుండగా ఒక్కడూ అననేదు."

సాయంత్రం పేటంతా మా వాకిట్లో చేరింది. పేట పెద్ద ఎల్లాజీ కూర్చున్నాడు. కేంద్రానికి అర్జీ పెడదాం అన్నారు కొందరు. అర్జీ పెడితే చూడ్డానికి పదిహేను రోజులు పడుతుందని ప్రణతి ముందే చెప్పింది. అన్ని రోజులు వదినకు లేవు.

అప్పుడు వదినే అంది. "మనోలు పోతే మనం ఏటి సేస్తాం?"

ఎవరికీ అర్థం కాలేదు.

"సూరాడోలింట్లో సావొస్తే మైల పడతాం గదా. పేటంతా ఒకటే ఇంటిపేరు. మరి నాను పోనాను. రేపు మడిలోకి ఎవులు ఎల్తారో ఎల్లండి, సూస్తాను."

మా పేట కట్టడి మీకు చెప్పాలి. సూరాడ ఇంటిపేరున్న గడపలో చావు వస్తే పెద్దదినం అయ్యేదాకా ఎవరూ ఉప్పు ముట్టరు. మైల చేత్తో ముడితే మడి చేదెక్కుతుందని పెద్దల మాట. పుట్టి బుద్ధెరిగాక ఆ కట్టడి తప్పిన మనిషిని నేను చూడలేదు.

ఎల్లాజీ తల అడ్డంగా ఊపాడు. "బతికున్న మనిసికి మైల ఏటి వదినా? అరిట్టం."

"అరిట్టం ఎవులికి? నాకు గదా? నానొప్పుకున్నాను."

"కేంద్రం ఊరుకుంటాదా?"

"నాను సచ్చినానని ఊరంతటికీ సెప్పింది అదే గదా. అది సెప్పినమాట మనం నమ్మినాం. నమ్మితే తప్పేటి?"

మొదట రాజులమ్మ నవ్వింది. తరవాత ఒక్కొక్కరూ. ఎల్లాజీ నవ్వలేదు. లేచి నిలబడి కండువా దులిపి, "అయితే మైలే," అన్నాడు.

అప్పుడు ఆయనకు ఇంకోటి తట్టింది. "మైల ఒంటి నీళ్ళు సర్కారుకి ఇవ్వకూడదు. మహాపాపం. రేపటి నుంచి ఒక్క పట్టీ తడపొద్దు."

పౌర్ణమి, శుక్రవారం

తెల్లారింది. పేటలో ఒక్క కూత లేదు. అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

పున్నమి పోటు వచ్చింది. మడులకు నీళ్ళు పెట్టే రోజు ఇదే. ఎవరూ తూము పలక ఎత్తలేదు. సముద్రం గట్టు దాకా వచ్చి, తలుపు తట్టి ఎవరూ పలకని చుట్టంలా వెనక్కి పోయింది. మా ఉప్పు మీదే పట్నాల దీపాలు వెలుగుతాయి, వాళ్ళ కరెంటు దాచే పెట్టెల్లోకి పోయేది మన ఉప్పే. ఈ పోటు పోతే అమావాస్య దాకా మడి ఎండే.

వదినకు రాత్రంతా ఆయాసం. మాట ముక్కలై వస్తోంది. నలుగురం మంచంతో సహా దిబ్బ మీదికి మోసుకెళ్ళాం.

"శవాన్ని మోసినట్టే ఉంది," అంది. "కొంచెం ఏడవండి... బాగుంటాది."

బండి వచ్చి ఆగింది. తలుపు ఆమెకు తీయలేదు. పోయినవారి వేలు చెల్లదు అంది. బండికి డ్రైవరు లేడు, ముందు మనిషి ఉంటే కదలదు. ఆడవాళ్ళు వెళ్ళి చక్రాల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. దయచేసి తప్పుకోండి, దయచేసి తప్పుకోండి అని అది అంటూనే ఉంది. రాజులమ్మ తమలపాకులు తీసి బండికీ ఒకటి చూపించింది.

ప్రణతి పరుగున వచ్చింది. వదినను చూసి ఆగిపోయింది.

ఎల్లాజీ అన్నాడు. "నీ ఏలికి తలుపు తీస్తాది గదమ్మా."

"తీస్తుంది బాబాయ్. కానీ పోయినవాళ్ళని కూర్చోబెట్టానని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు."

వదిన కళ్ళు తెరిచింది. "సచ్చినోలికి టిక్కెట్టు అక్కర్లేదు గదా తల్లీ... ఎక్కించెయ్."

ప్రణతి నవ్వబోయి ఏడ్చింది. చున్నీతో ముఖం తుడుచుకుని తలుపు మీద వేలు పెట్టింది.

వదిన దిగేసరికి ఎండ తిరిగింది. నడిచే దిగింది. లెక్కలో ఏమని రాశావమ్మా అని ఎల్లాజీ అడిగితే, "కుర్చీ పనిచేస్తుందో లేదో పరీక్ష" అని రాశానంది ప్రణతి.

బహుళ విదియ, ఆదివారం

పట్టీలు తడపక ఇది మూడో పొద్దు. మూడు పొద్దులు కూయకపోతే పోయినట్టే లెక్క, ఈ రోజు అందరం పోయాం.

పేటలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఎల్లాజీ భార్యకు ఎల్లాజీ పోయాడని, ఎల్లాజీకి భార్య పోయిందని. రాజులమ్మ మొగుడు సానుభూతి అంతా విని, "మరి వంట ఎవులు సేస్తారు?" అన్నాడు. ఆమె చేపల తట్టతో వెంటపడింది.

నాకు ఎవరూ లేరు కాబట్టి నేను పోయిన సంగతి నాకే చెప్పింది.

రేషను ఆగిపోయింది. ఎండుచేపలున్నాయి, చోళ్ళున్నాయి. వదినకు చేప పడదు. చోడి అంబలి ఆమెకు ముందు పోసి, తరవాతే మేము.

చవితి, మంగళవారం

ప్రణతి మళ్ళీ కుర్చీ పరీక్ష చేసింది. మా పేటే కాదు, తీరం పొడుగునా ఇలాంటివాళ్ళు ఉన్నారని చెప్పింది. చాలామంది పోయినవాళ్ళ గడిలో పడ్డాక నిజంగానే పోయారట. వాళ్ళవాళ్ళు తలరాత అనుకున్నారట. కొందరింకా ఉన్నారట.

మడుల్లో ఉప్పు గట్టి పడి పెచ్చులు కట్టింది. నా చేతులతో చదును చేసిన మడి. అటు చూడకుండా ఉండడానికి రోజంతా వలలు కుట్టుకున్నాను.

అష్టమి, శనివారం

నిన్న శుక్రవారం కూడా ప్రణతి తలుపు తీసింది. ఈ రోజు ఆమెను తీసేశారు. సామాను తీసుకుని పడవ ఎక్కుతూ, కొత్త సారు వస్తారని, ఆయన వేలికి కూడా తలుపు తీస్తుందని చెప్పింది. తీస్తారో లేదో మాత్రం చెప్పలేదు. వదిన ఆమె తల నిమిరి, "నా మూలంగా నీ కూడు పోనాది," అంది.

"మీ మూలంగా కాదు పెద్దమ్మా," అంది ప్రణతి.

సాయంత్రం కేంద్రం మాట వచ్చింది. మా ఆచారాలంటే వాళ్ళకు ఎంతో గౌరవమట. రేపు పదకొండో రోజు కాబట్టి పెద్దదినానికి కావలసిన ఏర్పాట్లన్నీ కేంద్రమే చేస్తుందట. ఎల్లుండి పొద్దుట మామూలుగా పనిలోకి రావాలట.

ఎల్లాజీ నీరసంగా చూశాడు. "మన కట్టడి వాలకీ తెలిసిపోనాది."

అవును. పెద్దదినం అయితే మైల పోతుంది. మైల పోతే ఉప్పు ముట్టకపోవడానికి సాకు ఉండదు. వదిన మాత్రం పోయినట్టే ఉంటుంది.

ఎవరూ నా వైపు చూడలేదు. కానీ అందరికీ తెలుసు. కర్తను నేనే.

నవమి, ఆదివారం

పొద్దున్నే పడవ వచ్చింది. కొత్త సారు, ఒక పురోహితుడు, కత్తుల సంచితో ఒక మంగలాయన. నువ్వులు, దర్భలు, బియ్యం, కొత్త పంచె. ఏమీ తక్కువ లేదు. మా అన్న పోయినప్పుడు కూడా ఇంత బాగా జరగలేదు.

వాకిట్లో పీట వేశారు. పేటంతా నిలబడి ఉంది. వదిన తన మంచం మీద కూర్చుని చూస్తోంది.

"పెద్దాయనా, కర్త మీరేగా? కూర్చోండి," అన్నాడు సారు.

చిన్నప్పుడు బడిలో పాఠం అప్పజెప్పమంటే బల్ల కిందికి దూరినవాణ్ణి. పీట దాకా వెళ్ళాను. మంగలాయన నా తల మీద నీళ్ళు చల్లాడు.

నేను కూర్చోలేదు.

"నాను గుండు చేయించుకోను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు మెత్తగా అన్నాడు. "మీ ఆచారమే కదండీ?"

"మా ఆచారమే. కర్త గుండు చేయించుకుని, తానం చేసి, పిండం పెడితే మైల పోతాది. నాను పెట్టను."

"ఎప్పుడు పెడతారు మరి?"

"శవం దొరికినప్పుడు."

ఎవరో కిసుక్కుమన్నారు. మంచం మీద నుంచి వదిన కేకేసింది. "శవానికి ఆకలేస్తంది! ఆ బియ్యం వండి ఎట్టండి!"

సారు ముఖం ఎర్రబడింది. అయినా మర్యాద వదల్లేదు. వదిన దగ్గరికి వెళ్ళి అన్నాడు, ఒక పని చేద్దాం, మీరు బతికి ఉన్నట్టు అర్జీ రాసివ్వండి, అందరూ పనిలోకి వెళ్ళండి, పట్టీలు తడపండి, పదిహేను రోజుల్లో పరిశీలిస్తారు.

వదిన ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నన్ను సంపీసినప్పుడు అర్జీ ఎట్టినారేటి? ఒక్క ముక్కతో సంపీసినారు. బతకడానికి నాను అర్జీ ఎట్టుకోవాలా? అర్జీ లేదు ఏటీ లేదు. నీకు కల్లున్నాయి. నాను కనబడుతున్నానా నేదా? అది సెప్పు."

"కనబడుతున్నారమ్మా. కానీ..."

"కానీ తరవాత. కనబడుతున్నానని రాయి."

ఆయన పలక తీశాడు. రాయలేదు. రాయడానికి గడి లేదని మాకు తెలుసు. మేము అడిగేది ఆ గడే. నీళ్ళు రానివాళ్ళ దగ్గరికి ఒక మనిషి వచ్చి, కళ్ళతో చూసి, ఉన్నారని రాయాలి. అంతే. ఎల్లాజీ అదే చెప్పాడు. ఆ గడి పెట్టిన రోజు తూము పలకలు ఎత్తుతాం అన్నాడు.

మంగళవారం బండికి వేలు పెడతారా అని నేను అడిగాను. ఈ రోజు రెండోసారి మాట్లాడాను. సారు పడవ ఎక్కాడు. బియ్యం మూట మర్చిపోయాడో, వదిలేశాడో. రాజులమ్మ అది వదిన ఇంట్లోనే దింపింది.

ఇప్పుడు ఇది రాస్తుంటే వదిన గోడ అవతలి నుంచి, ఏటి రాస్తన్నావు మరిదీ, నా గురించి మంచిగా రాయి, అంటోంది. కాళ్ళు మళ్ళీ బరువెక్కాయి.

ఇదీ మా సంగతి. ఇక మిమ్మల్ని అడగాల్సింది.

కడుగుడు బండి మంగళవారం మా కంటే ముందు మీ దిబ్బ దగ్గరే ఆగుతుంది. మీ పేటలోనూ పట్టీ కూయనివాళ్ళు ఉంటారు. వాళ్ళు పోలేదు. వాళ్ళను వెంటబెట్టుకుని దిబ్బ మీదికి రండి, బండి ముందు కూర్చోండి. కొత్త సారు వచ్చి తలుపు తీసేదాకా లేవొద్దు. మా ఇంటిపేరు కాకపోయినా ఫరవాలేదు. మా మైలలో మీకూ చోటుంది. ఒక్క పేట కూర్చుంటే కొత్త సారును పంపారు. పేటలన్నీ కూర్చుంటే గడి పంపుతారు.

కూర్చుంటారో లేదో ఒక్క ముక్క రాసి ఈ పడవలోనే పంపండి. ఆలస్యం చెయ్యొద్దు, తొందరగా రాయండి. వదినకు మంగళవారం దాకానే ఉంది.

ఇట్లు,
సూరాడ దానయ్య